రోజూ డ్రై ఫైర్ చేస్తే ఎయిర్ పిస్టల్ తట్టుకుంటుందా?

తమ్ముడూ,

రోజుకు వంద చొప్పున వారానికి ఆరు రోజులు డ్రై ఫైర్ (పెల్లెట్, అంటే గుండు, లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన) చేస్తే ఏడాదికి ముప్పై వేలు దాటుతుంది. అయినా నీ పిస్టల్‌కి బెంగ లేదు. స్టెయిర్ ఎల్‌పీ10 లాంటి పీసీపీ (సిలిండర్‌లో ముందే నింపిన గాలితో పేలే) పోటీ పిస్టళ్లలో డ్రై ఫైర్‌కి వేరే అమరిక, దానికో మీట ఉంటుంది. అందులో ట్రిగ్గర్ టక్కుమంటుంది గానీ లోపలి సుత్తి (హ్యామర్) గాలిని వదిలే వాల్వ్‌ని కొట్టదు. ఆ మీట మార్చడం మరిచిపోతేనే చిక్కు. పైగా సిలిండర్ ఖాళీగా ఉంటే గాలి ఒత్తిడి ఎదురు ఉండదు, దెబ్బంతా వాల్వ్ మీదే పడుతుంది. స్ప్రింగ్ తోసే పిస్టన్‌తో గాలిని నొక్కి పేలే స్ప్రింగ్ పిస్టన్ పిస్టల్‌ని మాత్రం పెల్లెట్ లేకుండా అసలు పేల్చకు. పిస్టన్ పోయి చివర గుద్దుకుంటుంది, ముందు సీల్ పోతుంది, తర్వాత స్ప్రింగ్.

ఇన్ని వేల నొక్కుళ్లలో నిజంగా మారేది ట్రిగ్గరే. సియర్ (ట్రిగ్గర్ నొక్కేదాకా హ్యామర్‌ని పట్టి ఉంచే కొక్కెం) అంచు కొద్దికొద్దిగా అరుగుతుంది, స్ప్రింగ్ కుదురుకుంటుంది, స్క్రూలు వదులవుతాయి. పది మీటర్ల పోటీ పిస్టల్‌కి ట్రిగ్గర్ బరువు (అది వదలడానికి కావలసిన బలం) కనీసం 500 గ్రాములు ఉండాలి. సరిగ్గా 500 దగ్గర పెట్టుకుంటే పోటీ రోజు పరీక్షలో దొరికిపోవచ్చు. 510, 520 మధ్య పెట్టుకో. వారానికోసారి చూసుకో: పెల్లెట్ లేదని నిర్ధారించుకుని, కాక్ చేసి (పేల్చడానికి సిద్ధం చేసి), బారెల్ నిటారుగా పైకి పెట్టి, 500 గ్రాముల పరీక్ష బరువును ట్రిగ్గర్ మధ్యలో తగిలించి, కుదుపు లేకుండా నెమ్మదిగా పైకి లేపు. బరువు నేల వదిలి లేవాలి, ట్రిగ్గర్ వదలకూడదు. ఇది మీటని డ్రై ఫైర్ వైపు పెట్టి కాదు, గాలి ఉన్న సిలిండర్‌తో మామూలు వైపు పెట్టే చెయ్యి. పోటీలోనూ అలాగే చూస్తారు, రెండు వైపులా ట్రిగ్గర్ బరువు ఒకేలా ఉంటుందన్న నమ్మకమూ లేదు.

ట్రిగ్గర్ బరువు తగ్గుతూ పోతుంటే స్క్రూ తిప్పేసి ఊరుకోకు. వదులైందో, సియర్ అరిగిందో ముందు తేల్చుకో. సియర్‌కి ఆకురాయి పెట్టడం నీ పని కాదు, నా పనీ కాదు. గ్రిప్ స్క్రూని నెలకోసారి బిగించు. అది వదులైతే గురి చెడిందనుకుని సైట్లు తిప్పుతూ కూర్చుంటాం.

డ్రై ఫైర్‌కి కూడా కాక్ చేసే లివర్ ఎత్తి దించాల్సిన పిస్టల్ అయితే లివర్ పిన్ను, బ్రీచ్ (పెల్లెట్ పెట్టే చోటు) దగ్గర గాలి కారకుండా ఉండే రబ్బరు ఓ-రింగూ అరుగుతాయి. నిజం పెల్లెట్లతో కాల్చేటప్పుడు బ్రీచ్ పక్కన సన్నటి టిష్యూ ముక్క పెట్టి చూడు, అది రెపరెపలాడితే ఓ-రింగ్ మార్చు. గాలి దారిలో మామూలు నూనె వెయ్యొద్దు, ఎక్కువ ఒత్తిడి గాలిలో అది అంటుకోవచ్చు.

ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ అయితే అరుగుదల బెంగ తక్కువ, బ్యాటరీ బెంగ ఎక్కువ. వాడాక ఆపెయ్యి, పోటీకి కొత్తది వేసుకో.

సిలిండర్ విప్పేసి సాధన చేస్తే తూకం మారి చెయ్యి తప్పు నేర్చుకుంటుంది. గడువు తీరిన సిలిండర్ ఉంటే గాలి పూర్తిగా వదిలేసి, ఖాళీ అని రాసి, దాన్నే బిగించుకో, డ్రై ఫైర్ మీట మాత్రం మరవకు. పెల్లెట్ల డబ్బా ఆ గదిలో ఉండకూడదు.