నర్సింగ్ చదివే అమ్మాయికి జబ్బులు అంటుకుంటాయని కోర్సు మాన్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయి నర్సింగ్ డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది. ఈమధ్యే వార్డు డ్యూటీలు మొదలయ్యాయి. ఛాతీ వార్డులో టీబీ రోగుల దగ్గర వేశారట. వాళ్ల క్లాస్‌మేట్‌కు ఎవరికో వాడిన సూది గుచ్చుకుందని చెప్పినప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. ఇంటికి రాగానే స్నానం చేసేదాకా ఎవరినీ ముట్టుకోవద్దంటున్నాను. కంచం, గ్లాసు వేరుగా పెట్టాను. కోర్సు మాన్పించి ల్యాబ్ టెక్నాలజీలోగానీ, హాస్పిటల్ మేనేజ్‌మెంట్‌లోగానీ చేర్పిద్దామనుకుంటున్నాం. ఈ మూడింట్లో ఏది సేఫ్? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు కోర్సుల పేర్లు రాశారుగానీ, ఉత్తరం మొత్తం చదివితే నాకు కనిపించింది ఒక్కటే దిగులు: నా బిడ్డకు ఏమైనా అయితే ఎలా అని. నర్సింగ్‌లో పిల్లల్ని చేర్పించిన తల్లిదండ్రులు ఎక్కువగా ఈ సమయంలోనే, మొదటి వార్డు డ్యూటీలు పడ్డాకే, నా దగ్గరికి వస్తారు. కాబట్టి ముందు ఆ దిగులు సంగతి చూసి, తర్వాత కోర్సుల దగ్గరికి వద్దాం.

మొదట ఆ సూది. వాడిన సూది గుచ్చుకున్నప్పుడు ఆసుపత్రులు ముఖ్యంగా మూడింటి గురించి చూస్తాయి: కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, ఇంకా హెచ్‌ఐవి. అందరూ హడలిపోయేది హెచ్‌ఐవి పేరు వింటేనే. కానీ హెచ్‌ఐవి ఉన్న రక్తం అంటిన సూది గుచ్చుకుని, ఆ తర్వాత మందులేవీ వాడకపోయినా, అది సోకే అవకాశం సుమారు 0.3 శాతం, అంటే వెయ్యిలో మూడు. వెంటనే నివారణ మందులు మొదలుపెడితే ఇంకా బాగా తగ్గుతుంది. హెపటైటిస్ బి సంగతి వేరు. రోగికి ఆ జబ్బు ఉండి, గుచ్చుకున్న మనిషికి టీకా లేకపోతే 6 నుంచి 30 శాతం దాకా సోకే అవకాశం ఉంటుంది. ఎండిపోయిన రక్తపు మరకలో కూడా ఆ వైరస్ కనీసం 7 రోజులు బతుకుతుంది.

ఇంత మొండి వైరస్‌కు చాలా మంచి టీకా ఉంది. మొదటి డోసు వేసుకున్న నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. చివరి డోసు అయ్యాక ఒకటి రెండు నెలలకు యాంటీబాడీ టైటర్ పరీక్ష, అంటే టీకా వల్ల రక్తంలో రక్షణ ఎంత వచ్చిందో చూసే పరీక్ష, చేయించుకోవాలి. మిల్లీలీటరుకు 10 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లు, అంతకు మించి ఉంటే రక్షణ వచ్చినట్టు లెక్క. రాకపోతే మళ్లీ డోసులు వేస్తారు. చాలామంది పిల్లలు రెండు డోసులు వేసుకుని, పరీక్షల హడావిడిలో మూడోది మర్చిపోతారు. టైటర్ మాటైతే ఎవరూ ఎత్తరు. మీ ఉత్తరంలో కంచం ఉంది, గ్లాసు ఉంది, స్నానం ఉంది. టీకా మాట ఒక్కటి కూడా లేదు. బిడ్డ మీద ఇంత బెంగ పెట్టుకున్న తల్లి ముందుగా అడగాల్సింది అదే కదా!

ఇక టీబీ. అది గాలి ద్వారా వస్తుంది. జబ్బు ఊపిరితిత్తుల్లో ఉన్న మనిషి దగ్గినప్పుడు, మాట్లాడినప్పుడు గాలిలో తేలే అతి చిన్న కణాలను పీల్చడం వల్ల సోకుతుంది. కంచాలు, గ్లాసుల వల్ల, చేయి పట్టుకోవడం వల్ల రాదు. సోకిన వాళ్లందరికీ జబ్బు పైకి రాదు కూడా, జీవితకాలం మొత్తంలో 5 నుంచి 10 శాతం మందికే వస్తుంది. సరైన మందులు వాడుతున్న రోగి నుంచి వ్యాపించే ప్రమాదం త్వరగా తగ్గిపోతుంది. అందుకే నర్సులు ఎక్కువ జాగ్రత్త పడాల్సింది టీబీ అని తేలి మందులు మింగుతున్న రోగి దగ్గర కాదు. ఇంకా పరీక్షే చేయని, వారాల తరబడి దగ్గుతున్న రోగి మామూలు వార్డులో ఉంటాడే, అతని దగ్గర. ఇది మీ అమ్మాయికి క్లాసులో చెప్పే ఉంటారు. మాస్కు ముఖానికి అతుక్కుని ఉందా, పక్కల నుంచి గాలి పోతోందా అని తొడుక్కున్న ప్రతిసారీ చూసుకోవడం, గదిలో కిటికీలు తెరిచి ఉంచడం, రెండు వారాలు దాటిన దగ్గు గానీ, సాయంత్రం జ్వరం గానీ తనకే ఉంటే దాచకుండా పరీక్ష చేయించుకోవడం. ఆమెను కాపాడేవి ఇవి.

ఇప్పుడు కాస్త గట్టిగానే చెబుతాను, ఏమీ అనుకోకండి. డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేయడం, యూనిఫాం విడిగా ఉతకడం మంచి అలవాట్లే, తప్పు పట్టను. కానీ కంచం వేరు చేయడం వల్ల ఒక్క క్రిమి కూడా ఆగదు. ఆగిపోయేది మీ అమ్మాయి మీతో చెప్పే మాట. రేపు తనకే సూది గుచ్చుకుందనుకోండి. క్లాస్‌మేట్ సంగతి చెప్పినందుకే ఇంట్లో ఇంత గొడవ జరిగితే, తన సంగతి ఎందుకు చెబుతుంది? ఒక విద్యార్థిని నా ముందు కూర్చుని, వాడిన సూదికి మళ్లీ మూత పెట్టబోయి వేలికి గుచ్చుకున్నానని, వారాల తరబడి ఎవరికీ చెప్పలేదని ఏడ్చింది. సిస్టర్ తిడతారని వార్డులో చెప్పలేదు, చదువు మాన్పిస్తారని ఇంట్లో చెప్పలేదు. హెచ్‌ఐవి నివారణ మందులు గంటల్లో మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే లాభం లేదు. 28 రోజులు వాడాలి. హెపటైటిస్ బి టీకా లేనివాళ్లకు ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల) ఇంజెక్షన్ 24 గంటల్లోపు పడితే మంచిది. హెపటైటిస్ సికి టీకా లేదుగానీ, సమయానికి పట్టుకుంటే ఇప్పుడు 8 నుంచి 12 వారాల మాత్రలతో నూటికి 95 మందికి పైగా నయమవుతోంది. ఇన్ని దారులున్నా, నోరు విప్పని పిల్లకు ఏదీ అందదు. సూది గుచ్చుకున్న చోటును పిండకుండా సబ్బునీళ్లతో కడుక్కుని, వెంటనే ఇన్‌చార్జికి చెప్పి రిపోర్టు రాయించాలని మీ అమ్మాయికి తెలుసు. ఇంట్లో చెప్పినా ఏమీ కాదన్న నమ్మకం మీరు ఇవ్వాలి. అందుకని ఆ కంచాన్ని ఈ రోజే అందరి కంచాలతో కలిపేయండి.

నిజానికి నాకు మీ భయం కన్నా ఎక్కువ బెంగ పెట్టేది ఇంకొకటుంది. చేతుల శుభ్రత గురించి పరీక్షలో రాయమంటే ఈ పిల్లలు గడగడా రాసేస్తారు. వార్డులో పని ఒత్తిడి పెరిగితే అదే గ్లవ్స్‌తో ఒక రోగి దగ్గర్నుంచి ఇంకో రోగి దగ్గరికి, అక్కడి నుంచి కేస్‌షీటు మీదికి, ఫోను మీదికి వెళ్లిపోతారు. గ్లవ్స్ వేసుకున్నాం కదా, చేతులు కడగక్కర్లేదనుకునేవాళ్లూ ఉన్నారు. తీసేటప్పుడే చేతికి మురికి అంటుతుందని మర్చిపోతారు. మీ అమ్మాయిని ఒకసారి చేసి చూపించమనండి. ఒక గ్లవ్‌ను మణికట్టు దగ్గర బయటివైపు పట్టుకుని, లోపలివైపు బయటికి వచ్చేలా తిరగేసి లాగాలి. దాన్ని రెండో చేతి గుప్పిట్లో పెట్టుకుని, ఖాళీ చేతి వేళ్లను రెండో గ్లవ్ లోపలికి పోనిచ్చి, మొదటిది దాని కడుపులోకి వెళ్లేలా తిరగేయాలి. బయటివైపు చర్మానికి ఎక్కడా తగలకూడదు. ఆ తర్వాత కూడా చేతులు శుభ్రం చేసుకోవాల్సిందే. ఆమె ఇది సాఫీగా చేసి చూపిస్తే మీ గుండె దడ సగం తగ్గుతుంది. తడబడితే కాలేజీ స్కిల్స్ ల్యాబ్‌లో మళ్లీ మళ్లీ చేయమని చెప్పండి.

ఇక కోర్సులు. ల్యాబ్ టెక్నాలజీ సేఫ్ అని మీకెవరు చెప్పారో తెలియదు. వార్డులో తీసిన రక్తం, కఫం చేరేది ల్యాబ్‌కే. అక్కడా సూదులు, పగిలే గాజు, గాలిలోకి లేచే తుంపరలు ఉంటాయి. మంచి చదువే, సూక్ష్మజీవశాస్త్రం ఇష్టమైన పిల్లలకు బాగా నప్పుతుంది. కానీ జబ్బులకు భయపడి చేరాల్సింది కాదు.

హాస్పిటల్ మేనేజ్‌మెంట్ మీద నాకు మొదటి నుంచీ అనుమానాలున్నాయి. ఏసీ గది, కంప్యూటరు, రోగిని ముట్టుకోనక్కర్లేదు అన్న బొమ్మ చూపించి చేర్పించుకుంటారు. ఇంటర్ అవ్వగానే అందులో చేరిన పిల్లలు బయటికొచ్చాక బిల్లింగ్ కౌంటర్లోనో, ఇన్సూరెన్స్ డెస్కులోనో ఏళ్ల తరబడి ఉండిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. ఒక వార్డుకు ఎంతమంది నర్సులు కావాలి, ఐసోలేషన్ గది ఎప్పుడు ఖాళీ చేయించాలి, సూదుల డబ్బా ముప్పాతిక నిండగానే మార్చకపోతే ఏమవుతుంది, ఇవన్నీ వార్డులో పని చేసినవాళ్లకు తెలిసినట్టు వేరేవాళ్లకు తెలియవు. మేనేజ్‌మెంట్ మీద నిజంగా ఆసక్తి ఉంటే నర్సింగ్ పూర్తి చేసి, కొన్నేళ్లు పని చేసి, తర్వాత చదవవచ్చు. అప్పుడు ఆ డిగ్రీకి విలువ ఉంటుంది. కోవిడ్ తర్వాత పుట్టుకొచ్చిన కొద్ది వారాల ఆన్‌లైన్ ఇన్ఫెక్షన్ కంట్రోల్ సర్టిఫికెట్ల గురించీ ఇదే మాట. అవగాహనకు పనికొస్తాయి, వాటిని చూసి ఉద్యోగం ఇవ్వరు.

ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు అనేది మాత్రం చక్కటి దారి. ఏ వార్డులో ఇన్ఫెక్షన్లు పెరుగుతున్నాయో లెక్కలు తీయడం, అది ఎక్కడి నుంచి మొదలైందో వెతికి పట్టుకోవడం, చేతుల శుభ్రతను ఆడిట్ చేయడం, కొత్తవాళ్లకు నేర్పడం, సూది గుచ్చుకున్న ప్రతి కేసునూ వెంబడించడం ఆమె పని. చేతులు కడిగితే ప్రాణాలు నిలుస్తాయని 1847లో వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు చూపించింది కూడా ఇలా వార్డుల మరణాల లెక్కలు పక్కపక్కన పెట్టి చూశాకే. ఈ పోస్టులకు సాధారణంగా వార్డు అనుభవం ఉన్న నర్సులనే తీసుకుంటారు. మీరు ఏ భయంతో కోర్సు మాన్పిద్దామనుకుంటున్నారో, ఆ భయానికి సమాధానం వెతకడమే వాళ్ల వృత్తి.

ఈ వారంలో కాలేజీకి వెళ్లి మూడు విషయాలు అడగండి. హెపటైటిస్ బి టీకా, టైటర్ రికార్డు విద్యార్థులందరికీ ఉందా? రాత్రి డ్యూటీలో సూది గుచ్చుకుంటే ఎవరికి ఫోన్ చేయాలి, నివారణ మందులు ఎక్కడ దొరుకుతాయి, ఖర్చు ఎవరిది? ఛాతీ వార్డుకు పంపే పిల్లలకు ఎన్95 మాస్కులు ఇస్తున్నారా? సరైన జవాబు రాకపోతే మిగతా తల్లిదండ్రులతో కలిసి ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. గొడవ పడాల్సింది ఇక్కడ.

కోర్సు మార్చే విషయంలో మాత్రం ఈసారి మీ అమ్మాయినే రాయమనండి. మీ ఉత్తరంలో ఆమె ఏమనుకుంటోందో ఒక్క వాక్యం కూడా లేదు.