పీకినా కోసినా మళ్లీ ఎందుకు వస్తుంది?

ప్రశ్న: రోడ్ల వెంట వయ్యారిభామను ఏటా రెండుసార్లు యంత్రంతో కోయిస్తున్నాం. తగ్గకపోగా కొత్త చోట్ల మొలుస్తోంది. పొరపాటు ఎక్కడ?

జవాబు: కోతలోనే. మొదలు మిగిలితే వయ్యారిభామ పిలకలు వేసి, ఈసారి జానెడు ఎత్తులోనే పూసేస్తుంది. బ్లేడుకు అందదు. మొలిచిన నెలకే పూతకొచ్చే మొక్క ఇది. ఒక్కోటి 15,000 నుంచి 25,000 గింజలు రాలుస్తుంది. పూత మీద యంత్రం నడిపితే ఆ గింజలు టైర్ల బురదలో తర్వాతి ఊరికి చేరతాయి. కొత్త మొలకలు యంత్రం వెళ్లిన దారినే ఉన్నాయేమో ఒకసారి చూడండి.

వాన పడ్డ మర్నాడు, నేల మెత్తగా ఉండగా, పూతకు ముందే వేళ్లతో సహా పీకించండి. చేతికి తొడుగులు, ముక్కుకు గుడ్డ, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. ఒకసారి దద్దుర్లు వచ్చినవాళ్లను మళ్లీ ఆ పనికి పంపకండి. పూయని మొక్కలు కంపోస్టుకు పనికొస్తాయి. పూసినవాటిని అక్కడికక్కడే సంచుల్లో కట్టి, రెండడుగుల లోతున పూడ్చండి. ఆ చోటు మళ్లీ తవ్వొద్దు. మూడు వారాలకు తిరిగి వెళ్లి కొత్త మొలకలు తీయండి. ఈ పనినే అందరూ ఎగ్గొడతారు. ఖాళీ అయిన నేలలో తగిరిస గింజలు చల్లితే అది పోటీగా లేస్తుంది.

లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి కొడితే ఆకు మాడే మాట నిజమే. పదేపదే కొడితే నేలా చెడుతుంది, అందుకే పొలం గట్ల దగ్గర వద్దు. జైగోగ్రామా పెంకుపురుగు ఆకుల్ని బాగానే తింటుంది కానీ, ఎండాకాలమంతా మట్టిలో నిద్రపోతుంది. దాన్ని నమ్ముకుని చేతులు కట్టుకు కూర్చోలేం.

ప్రశ్న: చెరువులో గుర్రపు డెక్కకు మందు కొట్టించాక చేపలు చచ్చి తేలాయి. మందు విషమేనా?

జవాబు: కావచ్చు. ఆ మందుకు నీటిలో వాడే అనుమతి ఉందో లేదో లేబుల్ మీద చూడండి. అయితే అనుమతి ఉన్న మందుతోనూ ఇలా జరుగుతుంది. చెరువంతా ఒకేసారి చస్తే, కుళ్లే డెక్క నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. తెల్లవారుజామున చేపలు నోళ్లు పైకెత్తి గుటకలు వేస్తుంటే సంగతి అదే. ఈసారి మూడో వంతు మాత్రమే కొట్టి, రెండు మూడు వారాలు ఆగి మిగతాది చూడండి.

చేత్తోనో యంత్రంతోనో తీయడం మేలు. తీసింది గట్టుకు అవతలి వాలులో పోయండి. ఇవతల పోస్తే మొదటి వానకే వెనక్కి జారుతుంది. అనుకూలిస్తే రెండు వారాల్లో రెట్టింపయ్యే మొక్క కదా, ఇరవయ్యో వంతు మిగిలినా రెండు నెలల్లో చెరువులో ఐదింట నాలుగు వంతులు కప్పేస్తుంది. మురుగు కాలువ వచ్చి కలుస్తుంటే ముందు దాన్ని మళ్లించండి, డెక్కకు ఎరువు అదే. ఆకుల మీద గీకినట్టు చిన్న చిన్న మచ్చలుంటే డెక్కను తినే నియోకెటినా ముక్కుపురుగు ఉన్నట్టే. ఆ మూలను మందు కొట్టకుండా వదలండి.

ప్రశ్న: ఇలాంటి మొక్కల్ని తీయించడానికి రాష్ట్రమంతటికీ పని ప్రణాళిక వేయాలి. మనుషులు తక్కువ. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: అతి పెద్ద మడి దగ్గర మాత్రం కాదు. ఫొటోలు అక్కడే బాగా వస్తాయి కాబట్టి అందరూ అక్కడికే వెళ్తారు. అంచుల్లో విడిగా మొలిచిన నాలుగైదు మొక్కల చోట్లు ముందు తుడిచేయండి, వ్యాపించేది వాటి నుంచే. కాలువలైతే ఎగువ నుంచి దిగువకు రండి.

అంతకన్నా ముందు అవి కొత్త చోటికి చేరే దారులు మూయాలి: నర్సరీలు, అక్వేరియం దుకాణాలు, మట్టి లారీలు, జేసీబీలు, పడవలు. పడవను ఒక జలాశయం నుంచి ఇంకోదానికి తీసుకెళ్లేటప్పుడు అంటిన నాచు, బురద తీసి, లోపలి నీరంతా వంపి, ఐదు రోజులు ఎండనివ్వాలి. పడవలకు అతుక్కుని వ్యాపించే జీబ్రా ఆల్చిప్ప పిల్లలు కంటికి కనబడవు, అడుగున మిగిలిన గ్లాసెడు నీళ్లలోనూ ప్రయాణిస్తాయి. ఎండబెట్టే వ్యవధి లేకపోతే 60 డిగ్రీల వేడినీటితో కడగాలి.

ప్రశ్న: అక్వేరియంలో దెయ్యం చేప పెద్దదైంది. చెరువులో వదలొచ్చా?

జవాబు: వద్దు. అది గట్లలో బొరియలు తవ్వుతుంది, ముళ్లతో వలలు చింపుతుంది. కొన్న దుకాణానికే తిరిగివ్వండి. వాళ్లు తీసుకోకపోతే పశువైద్యుణ్ణి కలవండి.