గదిలో ఒక్కదానివే ఉన్నప్పుడు తిండి

అమ్మాయ్, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పగలంతా కడుపు మాడ్చుకోవడం, రాత్రి ఆగకుండా తినడం, కుళాయి తిప్పి ఆ చప్పుడులో వాంతి చేసుకోవడం, అదే ఊపులో అక్కర్లేనివి కార్డు మీద కొనేయడం... లోకంలో నీకొక్కదానికే వచ్చినట్టు రాశావు. పాతికేళ్ళ కిందట ఇవన్నీ నేను చేసినవే.

జబ్బని తెలీక, నాకే బుద్ధి లేదనుకున్నాను. ఫ్రిజ్ లైటు వెలుగులో నిలబడి, చెంచా కూడా లేకుండా తినేదాన్ని. తెల్లారకుండానే ఖాళీ ప్యాకెట్లు పై అంతస్తు చెత్తబుట్టలో పడేసి వచ్చేదాన్ని. గదిలో ఉన్నదే నేనొక్కదాన్ని, ఎవరికి దాచినట్టో! ఓరోజు దుకాణంలో గోళ్ళరంగు సీసా జేబులో వేసుకుని వచ్చేశాను. పర్సులో డబ్బుంది. ఆ రంగు నేనెప్పుడూ వేసుకోను కూడా.

ఈ జబ్బుకి బులీమియా నెర్వోసా అనే పేరు 1979లోనే జెరాల్డ్ రస్సెల్ అనే మానసిక వైద్యుడు పెట్టాడని చాలా ఆలస్యంగా తెలిసింది. ఈ జబ్బున్నవాళ్ళలో కొందరికి దొంగతనం, తాగుడు, ఒంటిని గాయపరుచుకోవడం కూడా జతపడతాయని 1986లో లేసీ, ఎవాన్స్ అనే పరిశోధకులు రాశారు. దిగులు ముంచుకొస్తే ముందువెనకలు చూడకుండా ఏదో ఒకటి చేసేయడమే చాలామందిలో కనిపించే లక్షణం. పగటి పస్తు దానికి ఆజ్యం.

డాక్టరు "లావవుతానని భయమా?" అనడిగాడు. లేదన్నాను, నిజంగానే లేదు. కడుపుబ్బరం అన్నాను, దానికి మందిచ్చి పంపేశాడు. హాంకాంగ్‌లో సింగ్ లీ అనే మానసిక వైద్యుడు చూసిన అనరెక్సియా (తిండి మానేసి చిక్కిపోయే జబ్బు) రోగుల్లోనూ చాలామంది లావు భయం మాటే ఎత్తలేదట, కడుపు నిండుగా ఉందన్నారట. ఒక్కో చోట ఒక్కో మాట మరి. అందుకే అడిగినదానికి జవాబిచ్చి ఊరుకోకు. వాంతుల సంగతి, కార్డు సంగతి నువ్వే చెప్పు. వాంతులతో పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. కళ్ళు తిరిగినా గుండె దడదడలాడినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళు.

వైద్యంలో నాకు మొదట చెప్పింది వేళకి తినమని. అది కుదిరింది మాత్రం ఆఫీసులో ఒకావిడ రోజూ నా ఎదురుగా కూర్చుని భోంచేయడం మొదలెట్టాకే. ఆవిడకి నా గొడవేమీ తెలీదు, తన మోకాళ్ళ నొప్పి గురించే చెప్పేది. మీ తరం పిల్లలకి చేతిలో వీడియో కాల్ ఉంది, అయినా ఒంటరిగానే తింటారు! శనివారం రాత్రులు మరీ కష్టం. ఈ శనివారం ఎవరితో తింటావో శుక్రవారానికల్లా నాకు రాయి.