టెక్ సందేహాలు: ప్లగ్గు పట్టింది, బొమ్మ రాలేదు

ప్రశ్న: మౌలాలిలో సొంతిల్లు. గేటుకూ మెట్లకూ కలిపి నాలుగు కెమెరాలున్నాయి. వాటిని రికార్డు చేసే డీవీఆర్ హాల్లో టీవీకి కలిపి ఉంది. మేడ మీది గదిలో బల్ల వేసుకుని రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిట్టి కంప్యూటర్ బోర్డుతో, సెన్సార్లతో ఏవో ప్రయోగాలు చేస్తుంటాను. రిటైరయ్యాక పట్టుకున్న సరదా ఇది. అక్కడ కూర్చునే గేటు మీద ఓ కన్నేసేలా, రాస్ప్‌బెర్రీకీ పనికొచ్చేలా ఒకే చిన్న మానిటర్ కొందామని ఉంది. 7 అంగుళాలది ఒకటి చవకగా దొరుకుతోంది. హెచ్‌డీఎంఐ, వీజీఏ, ఏవీ, బీఎన్‌సీ అన్నీ ఉన్నాయి. '1080పీ సపోర్ట్' అని కూడా రాశారు. తీసుకోవచ్చా?
— ఒక పాఠకుడు, మౌలాలి

జవాబు: మానిటర్ తీసుకోండి. అది మాత్రం వద్దు.

ముందు ఆ '1080పీ సపోర్ట్' సంగతి చూద్దాం. 1080పీ సిగ్నల్ పంపితే మానిటర్ కాదనకుండా తీసుకుంటుందని మాత్రమే దాని అర్థం. తెర మీద అన్ని చుక్కలు ఉన్నాయని కాదు. ఈ తరహా 7 అంగుళాల తెరలు ఎక్కువగా 1024×600 ఉంటాయి, మరీ చవకవైతే 800×480. వచ్చిన పెద్ద బొమ్మను అందులోకి కుదించి చూపిస్తాయి. సినిమా చూస్తే తేడా పెద్దగా తెలియదు. రాస్ప్‌బెర్రీ డెస్క్‌టాప్ తెరిస్తే మెనూలో అక్షరాలు చీమల బారులా కనిపిస్తాయి. డీవీఆర్‌లో నాలుగు కెమెరాలూ ఒకేసారి పెడితే ఒక్కో కెమెరాకు దక్కేది 512×300 చుక్కలు. గేటు ముందు ఎవరో నిలబడ్డారని తెలుస్తుంది. వచ్చింది పాలబ్బాయో, పక్కింటాయనో పోల్చుకోవడం కష్టం. వివరాల్లో 'నేటివ్ రిజల్యూషన్' అనో 'ఫిజికల్ రిజల్యూషన్' అనో ఉండే అంకె చూడండి. ఆ అంకె దాచి 'సపోర్ట్' ఒక్కటే పెద్దక్షరాలతో వేశారంటే పైన పటారం, లోన లొటారం.

మీకు సరిపోయేది 10.1 అంగుళాలు, 1280×800, ఐపీఎస్ ప్యానెల్ (ఏ పక్క నుంచి చూసినా బొమ్మ చెదరని రకం). ఐపీఎస్ అని పట్టుబట్టడానికి కారణం ఉంది. బల్ల దగ్గర మనం టీవీ ముందు కూర్చున్నట్టు తిన్నగా కూర్చోం. సాల్డరింగ్ చేస్తూ వంగి, ఓ పక్కకు ఒరిగి, కింది నుంచి తలెత్తి చూస్తాం. చవక రకమైన టీఎన్ ప్యానెల్‌ను కింది నుంచి చూస్తే బొమ్మ నల్లబడిపోతుంది. రాత్రిపూట గేటు దృశ్యం ఎలాగూ సగం చీకటే, మిగతా సగం ప్యానెల్ మింగేస్తుంది.

ఇక బీఎన్‌సీ, అంటే కెమెరా వైరు చివర తిప్పి బిగించే గుండ్రటి ప్లగ్గు. ఇక్కడ నా సొంత అనుభవం చెప్పాలి. కొన్నేళ్ల కిందట నేనూ ఇలాగే బీఎన్‌సీ ఉన్న చిన్న మానిటర్ కొని, కెమెరా వైరు తెచ్చి బిగించాను. 'నో సిగ్నల్'. వైరు మార్చాను, అడాప్టర్ మార్చాను, చివరికి వేరే కెమెరా తెచ్చి పెట్టాను. అదే మాట. దుకాణానికి పట్టుకెళ్తే ఆయన ఓ పాత కెమెరా తగిలించి "బొమ్మ వస్తోంది కదా సార్" అన్నాడు. నిజంగానే వచ్చింది. ఇక వాదించడానికి నాకు నోరు లేకుండా పోయింది.

జరిగిందేమిటంటే, పాత కెమెరాలు పంపేది కాంపోజిట్ వీడియో, అంటే ఏవీ ప్లగ్గులో వచ్చే బొమ్మే. దూరదర్శన్ రంగుల్లోకి వచ్చిన 1982 నాటి పాల్ పద్ధతే, 576 గీతల బొమ్మ. ఇప్పటి 2 మెగాపిక్సెల్, 5 మెగాపిక్సెల్ కెమెరాలు అదే సీసీటీవీ వైరు (త్రీ ప్లస్ వన్) మీద, అదే బీఎన్‌సీ ప్లగ్గుతో ఏహెచ్‌డీ, టీవీఐ, సీవీఐ అనే వేరే సిగ్నళ్లు పంపుతాయి. అవీ అనలాగే, కానీ భాష వేరు. డీవీఆర్‌కు ఈ భాషలు వచ్చు. చవక మానిటర్‌కు ఆ పాత కాంపోజిట్ ఒక్కటే వచ్చు. ప్లగ్గు మాత్రం చక్కగా తిరిగి టక్కున పడుతుంది. అదే మోసం చేసేది. కాబట్టి మానిటర్ వివరాల్లో బీఎన్‌సీ అని ఉంటే చాలదు, ఏహెచ్‌డీ, టీవీఐ, సీవీఐ పేర్లు విడిగా రాసి ఉండాలి. లేకపోతే అది కాంపోజిట్ మాత్రమే అనుకోండి.

చాలా కెమెరాలను కాంపోజిట్‌కు మార్చొచ్చు. వైరు మీద చిన్న మీట ఉంటుంది, లేదా డీవీఆర్ మెనూలో ఉంటుంది. కానీ అలా మారిస్తే రికార్డింగ్ కూడా పాత టీవీ స్థాయికి పడిపోతుంది. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు.

ఇంకో తప్పు చాలామంది చేస్తారు. కెమెరా వైరుకు టీ కనెక్టర్ పెట్టి ఒక కొమ్మ డీవీఆర్‌కు, ఇంకోటి మానిటర్‌కు ఇస్తారు. ఈ వైర్లన్నీ 75 ఓమ్‌ల లెక్కన చేసినవి. రెండు చోట్ల 75 ఓమ్‌లు పడితే సిగ్నల్ నీరసించి, డీవీఆర్‌లో బొమ్మ మసకేస్తుంది. ఒక్కోసారి మొత్తానికే పోతుంది.

మీకు ఈ తంటా ఏదీ అక్కర్లేదు. మీ డీవీఆర్ వెనక వీజీఏ ఉందేమో చూడండి, దాదాపు ఉంటుంది. చిన్న డీవీఆర్‌లలో ఎక్కువ శాతం హెచ్‌డీఎంఐలోనూ వీజీఏలోనూ ఒకేసారి బొమ్మ ఇస్తాయి. హాల్లో టీవీ హెచ్‌డీఎంఐ మీద అలాగే ఉండనివ్వండి, మేడ మీదికి వీజీఏ లాగండి. వీజీఏ పాతకాలపుదే, ఐబీఎం 1987లో తెచ్చింది. కానీ లావుపాటి మంచి కేబుల్ అయితే 15 మీటర్లు సునాయాసంగా వెళ్తుంది. మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ 10 మీటర్లు దాటితే మొరాయించడం మొదలుపెడుతుంది. ఒక్క జాగ్రత్త: డీవీఆర్ అవుట్‌పుట్ రిజల్యూషన్ మార్చాలంటే టీవీ ముందు కూర్చునే మార్చండి. మానిటర్‌కు నచ్చనిది పెట్టి పైకి వెళ్తే నల్ల తెర చూసి మళ్లీ మెట్లు దిగాలి. 1280×720 పెడితే చాలా మానిటర్లకు ఇబ్బంది ఉండదు.

అప్పుడు మానిటర్ హెచ్‌డీఎంఐ సాకెట్ రాస్ప్‌బెర్రీకి మిగులుతుంది. మీ బోర్డుకు కావలసింది మైక్రో హెచ్‌డీఎంఐ కేబుల్, మినీ కాదు. మినీ అనేది రాస్ప్‌బెర్రీ పై జీరో బోర్డులకు. బోర్డు మీది రెండు సాకెట్లలో పవర్ ఇచ్చే సాకెట్‌కు దగ్గరగా ఉన్నదానికి పెట్టండి. 3.5 మిల్లీమీటర్ల జాక్ నుంచి ఏవీ తీసుకోవచ్చని ఎవరైనా చెబితే వినకండి. పై 4లో అది మొదట ఆపేసి ఉంటుంది, ఆన్ చేస్తే బోర్డు మొత్తం కాస్త నెమ్మదిస్తుంది. పైగా కాంపోజిట్‌లో టెర్మినల్ అక్షరాల చుట్టూ రంగుల అంచులు కమ్ముకుని కళ్లు లాగేస్తాయి. తప్పదనుకుంటే మాత్రం, పాత హ్యాండీక్యామ్ కేబుల్ పెట్టి పసుపు ప్లగ్గులో బొమ్మ రాలేదని కంగారుపడకండి. ఎరుపులో పెట్టి చూడండి. ఆ కేబుళ్లలో వరుస వేరు, వీడియో ఎర్ర ప్లగ్గులోకి వచ్చేస్తుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. ఏ వివరాల పట్టికలోనూ ఉండనిది. మానిటర్‌ను వీజీఏలో పెట్టి నడుస్తుండగా కరెంటు ప్లగ్గు పీకేయండి, పది సెకన్లాగి మళ్లీ పెట్టండి. తనంతట తానే ఆన్ అయి వీజీఏకే వచ్చిందా, లేక ఎర్ర లైటు వెలిగించుకుని ఎవరైనా బటన్ నొక్కుతారేమోనని కూర్చుందా? చాలావి రెండోరకం. కొన్ని ఆన్ అవుతాయి కానీ హెచ్‌డీఎంఐకి వెళ్లిపోయి అక్కడ నీలి తెర చూపిస్తుంటాయి. వేసవిలో ఈదురుగాలికి కరెంటు పోయి వచ్చిన రాత్రి తేడా తెలుస్తుంది. కాపలాకు పెట్టేదానికి ఇంతకన్నా పెద్ద గుణం లేదు.

అందుకే ఇది చూడకుండా ఆన్‌లైన్‌లో తెప్పించకండి. రాస్ప్‌బెర్రీని, దాని అడాప్టర్‌ను సంచిలో వేసుకుని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ)కి వెళ్లండి. సీసీటీవీ దుకాణాలు, కంప్యూటర్ దుకాణాలు ఒకేచోట ఉంటాయి కాబట్టి డీవీఆర్ వాళ్ల దగ్గరే దొరుకుతుంది, పెట్టి చూపించమనండి. వైర్లు, కనెక్టర్లు, 12 వోల్టుల అడాప్టర్ పిన్నుల్లాంటి చిల్లర సామాను కోఠి గుజరాతీ గల్లీలో తీసుకోండి. పెట్టె మీద భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే ఎనిమిది అంకెల నంబరు ఉండాలి. 32 అంగుళాల లోపు మానిటర్లకు ఆ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే కంపెనీ పేరు వస్తుంది. దుకాణదారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఇంటికి తెచ్చాక వెలుగు సగానికి తగ్గించండి. రోజంతా వెలిగే తెర ఏడాదికి 8,760 గంటలు పనిచేస్తుంది.

ప్రశ్న: కారు అమ్మేటప్పుడు రివర్స్ కెమెరా, 7 అంగుళాల మానిటర్ విప్పి ఉంచుకున్నాను. గేటుకు వాడుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: పారేయకండి, మంచి సరుకు. మానిటర్ వెనక ఏవీ ఇన్‌పుట్‌లు రెండున్నాయా చూడండి. రెండోదానితోపాటు ఒక సన్నని ట్రిగ్గర్ వైరు వస్తుంది. కారులో అది రివర్స్ లైటుకు కలిపి ఉంటుంది. గేరు వేయగానే ఆ వైరుకు 12 వోల్టులు అంది, మానిటర్ తనంతట తానే లేచి కెమెరా చూపిస్తుంది. ఇంట్లో ఆ 12 వోల్టులను గేరు బదులు మనిషి కదలిక చేత ఇప్పిస్తే సరి. కదలికను పసిగట్టే హెచ్‌సీ-ఎస్‌ఆర్501 అనే పీఐఆర్ సెన్సార్ అన్ని విడిభాగాల దుకాణాల్లోనూ దొరుకుతుంది. కానీ దాని అవుట్‌పుట్ 3.3 వోల్టులే, నేరుగా ట్రిగ్గర్‌కు ఇస్తే మానిటర్ కదలదు. మధ్యలో రిలే మాడ్యూల్ (చిన్న సిగ్నల్‌తో పెద్ద వోల్టేజీని ఆన్ చేసే స్విచ్) పెట్టి, ఆ రిలే గుండా 12 వోల్టులు పంపండి. అడాప్టర్ల నెగెటివ్‌లన్నీ కలిసి ఉండాలి. ట్రిగ్గర్ ఏదో వైరు రంగు చూసి కాకుండా దాని మీది చీటీ చూసి తేల్చుకోండి.

కెమెరా విషయంలో ఓ చిక్కుంది. రివర్స్ కెమెరా బొమ్మను అద్దంలోలా తిప్పి చూపిస్తుంది. గేటుకు ఎడమ నుంచి వచ్చినవాళ్లు కుడి నుంచి వచ్చినట్టు కనిపిస్తారు. కొన్ని మానిటర్ల మెనూలో దీన్ని సరిచేసే వీలుంది. లేదంటే కాంపోజిట్‌కు మార్చుకునే వీలున్న మామూలు సీసీ కెమెరా ఒకటి కొని, బీఎన్‌సీని ఆర్‌సీఏకు (మానిటర్ ఏవీకి పట్టే ప్లగ్గు) మార్చే చిన్న ముక్కతో కలపండి. ఆ ముక్క నిజంగా ప్లగ్గునే మారుస్తుంది, సిగ్నల్‌ను కాదు. రెండువైపులా కాంపోజిటే కాబట్టి ఇక్కడ పనిచేస్తుంది.

ప్రశ్న: పాత ఏవీ మానిటర్‌కు ల్యాప్‌టాప్ కలుపుదామని కన్వర్టర్ తెప్పిస్తే బొమ్మ రావడం లేదు. కన్వర్టర్ పాడైందా?
— ఒక విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ముందు దాని మీద ఏం రాసుందో చదవండి. హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి ఒక పెట్టె, ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి ఇంకో పెట్టె. చూడ్డానికి కవల పిల్లలే, కానీ రెండూ వన్‌వే రోడ్లు. ఇన్‌పుట్ అని రాసినవైపు హెచ్‌డీఎంఐ ఉంటే మీది సరైనదే, అప్పుడు దాని యూఎస్‌బీ పవర్ ఇచ్చారో లేదో చూడండి. లోపల చిప్ ఉంటుంది, కరెంటు లేకుండా నడవదు. పక్కనున్న మీటను పాల్ వైపు కూడా జరిపి చూడండి.

ప్రశ్న: మా ఇంట్లో ఉన్నవి వైఫై కెమెరాలు. డీవీఆర్ లేదు, ఫోన్లోనే చూస్తాం. అమ్మకు ఫోన్ వాడటం రాదు. వంటింట్లో ఎప్పుడూ గేటు కనిపించేలా చిన్న తెర పెట్టాలంటే?
— ఒక పాఠకుడు, నిజాంపేట

జవాబు: మామూలు మానిటర్ ఏదీ నేరుగా వైఫై కెమెరాను చూపించదు, మధ్యలో ఒక చిన్న కంప్యూటర్ కావాలి. కెమెరా యాప్‌లో ఆర్‌టీఎస్‌పీ (కెమెరా వీడియోను వేరే ప్లేయర్లకూ ఇచ్చే పద్ధతి) అనే ఆప్షన్ ఉందేమో ముందు వెతకండి. కొన్ని కంపెనీలు ఇస్తాయి, కొన్ని తమ యాప్ దాటి బయటికి రానివ్వవు. రానివ్వకపోతే మానిటర్ కొనడం దండగ. పాత ట్యాబ్‌లో ఆ యాప్ వేసి, ఛార్జర్‌కు తగిలించి గోడకు పెట్టేయండి. ఆర్‌టీఎస్‌పీ ఉంటే మాత్రం రాస్ప్‌బెర్రీ పై 4 చాలు. ఆన్ కాగానే వీఎల్‌సీ వీడియో ప్లేయర్ దానంతట అదే తెరుచుకుని కెమెరా చిరునామా తీసుకునేలా పెట్టొచ్చు. పై 5 కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి. కెమెరాలు ఎక్కువగా వాడే హెచ్.264 వీడియోను విప్పే ప్రత్యేక హార్డ్‌వేర్ 4లో ఉంది, 5లో తీసేశారు. కెమెరాలో రెండు స్ట్రీమ్‌లుంటే చిన్నదాన్ని, అంటే సబ్ స్ట్రీమ్‌ను పెట్టండి. వంటింటి తెరకు అది సరిపోతుంది, వైఫై మీద భారమూ తగ్గుతుంది. తెరను పొయ్యికి ఎదురుగా కాకుండా పక్క గోడకు బిగించండి. పోపు ఆవిరికి నెలలోనే జిడ్డు పడుతుంది.