గీకే ముందు ఒక్క మాట

చిన్నా,

హాల్లో పాత వినైల్ (ప్లాస్టిక్) ఫ్లోరింగ్ నువ్వే పీకేస్తానని రాశావు. సంతోషం, నీ వల్ల అవుతుంది. కట్టర్ పట్టుకునే ముందు మాత్రం ఇది చదువు.

అది ఎప్పుడు వేసిందో ముందు కనుక్కో. 1980ల నాటిదో అంతకన్నా పాతదో అయితే ఒక్క ముక్క కూడా లేపకు. అప్పటి వినైల్ పలకల్లో, షీటు అడుగుపొరలో, తారులా నల్లగా ఉండే జిగురులో ఆస్‌బెస్టాస్ (రాతినార) కలపడం మామూలు. 9 అంగుళాల చదరపు పలకలైతే అనుమానం ఇంకా ఎక్కువ. కళ్ళతో చూసి తేల్చలేం, ల్యాబ్‌లో పరీక్ష చేయించాల్సిందే. కదపనంతకాలం దానివల్ల పెద్దగా భయం లేదు. పగలగొట్టినా, పొడిగా గీకినా, మెషీన్‌తో అరగదీసినా కంటికి కనబడని పోగులు లేచి ఊపిరితిత్తుల్లో దిగిపోతాయి. వాటివల్ల వచ్చే జబ్బు బయటపడేసరికి దశాబ్దాలు గడిచిపోతాయి. గుడ్డ మాస్కు వాటిని ఆపదు. ఆస్‌బెస్టాస్ ఉందని తేలితే ఆ పనిలో శిక్షణ ఉన్నవాళ్ళకే అప్పగించు. పలకలు గట్టిగా, పగలకుండా ఉంటే వాటిమీదే కొత్తది పరిపించుకోవచ్చు. ఇంట్లో పిల్లలున్నారు, ఈ ఒక్క విషయంలో నా మాట కాదనకు.

ఆస్‌బెస్టాస్ లేదని తేలితే ఇక కావలసింది ఓపికే. మొత్తం షీటు ఒకేసారి లాగకు. జానెడు వెడల్పు పట్టీలుగా కోసి, ఒక కొస లేపి, నేలకు దగ్గరగా వెనక్కి మడుస్తూ లాగు. పైకి లాగితే నడుం పట్టేస్తుంది, షీటు చిరిగి అడుగుపొర నేలకే అతుక్కుంటుంది. రానిచోట వేడిగాలి ఊదే హీట్ గన్‌తో జిగురు మెత్తబడేదాకా వేడి చెయ్యి, పొగ రానివ్వకు. స్క్రాపర్‌ని నేలకు వాల్చి పట్టుకో. బ్లేడ్లు ఎక్కువే తెచ్చుకో. నేను మొదటిసారి రోజంతా ఒకే బ్లేడుతో గీకి, జిగురే మొండిదనుకున్నాను. సాయంత్రం కొత్త బ్లేడు వేస్తే పొరలు పొరలుగా లేచింది.

మిగిలిన జిగురు మీద ఒక మూల గోరువెచ్చటి నీళ్ళలో తడిపిన గుడ్డ పావుగంట వేసి చూడు. మెత్తబడితే నీళ్ళతోనే వదులుతుంది. కింద చెక్క ఉంటే నీళ్ళు నిలవనివ్వకు. పెట్రోలు, థిన్నర్ జోలికి అసలు పోవద్దు. వాటి ఆవిరి నేలబారున పాకుతుంది, పక్కగదిలో పొయ్యి మంట చాలు అంటుకోవడానికి. జిగురు కరిగించే మందు ఏదైనా వాడితే కిటికీలన్నీ తెరువు, ఆ రోజు హీట్ గన్ బయటకు తీయకు.

ఎంతవరకు గీకాలన్నది పైన వేయబోయేదాన్ని బట్టి ఉంటుంది. అతికించే టైల్స్ అయితే నేల పూర్తిగా తేలాలి, మందు మరక మిగిలినా కొత్త జిగురు పట్టదు. ఒకదానికొకటి బిగించి ఊరికే పరిచే పలకలైతే ఎగుడుదిగుడు లేకుంటే చాలు. అది తేల్చుకోకుండా రోజుల తరబడి గీకుతూ కూర్చోకు.

ల్యాబ్ రిపోర్టు రాగానే ఫోన్ చెయ్యి. హీట్ గన్ కొనకు, నాది పంపిస్తాను.

మీ పెదనాన్న