కండువా మీది బొమ్మ ఎవరిది?

ప్రశ్న: తెనాలిలో ఆర్టిస్టుని. 2020 డిసెంబరులో ఓ చిన్న ప్రాంతీయ పార్టీ అధ్యక్షుడు లోగో గీసిపెట్టమన్నారు. రెండు లక్షలకి మాట్లాడుకున్నాం, కాగితం రాసుకోలేదు. ఇరవై వేలు ఫోన్‌పే చేశారు. 2021 జనవరి 18న ఫైలు ఇచ్చేశాను. మిగతాది ఇవ్వలేదు. వాళ్ల జెండా, కండువా, ఫ్లెక్సీ అన్నిటి మీదా నా బొమ్మే. మా అమ్మాయి పెళ్లికని వెళ్లి అడిగితే గేటు దగ్గరే ఆపేశారు. "ఎన్నికలయ్యాక మీ బ్యాలెన్సు క్లియర్ చేస్తా అన్నా" అని 2023 అక్టోబరు 20న ఆయన వాట్సాప్ పెట్టారు. ఎన్నికల సంఘానికి రాసి వాళ్ల గుర్తు రద్దు చేయించవచ్చా? పాత తేదీతో అగ్రిమెంటు తయారుచేసుకోమని మా ఫ్రెండు అంటున్నాడు.

జవాబు: మీరు పంపిన పూర్తి ఉత్తరంలో గేటు దగ్గర జరిగిన గొడవే పేజీన్నర ఉంది. కేసుకి పనికొచ్చేది ఒక్కటే లైను, ఆ వాట్సాప్ మెసేజి.

చేసిన పనికి డబ్బు ఎప్పుడివ్వాలో గడువు పెట్టుకోకపోతే, పని పూర్తయిన రోజు నుంచి మూడేళ్లలోపు దావా వెయ్యాలి. లిమిటేషన్ చట్టం 18వ ఆర్టికల్ అది. ఆ లెక్కన 2024 జనవరి 18తో మీ బాకీకి కాలం చెల్లింది. కానీ గడువు తీరకముందే బాకీ ఉన్నట్టు రాసి సంతకం పెడితే, అదే చట్టం 18వ సెక్షన్ ప్రకారం ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. అంటే మీకు 2026 అక్టోబరు 20 దాకా ఉంది. వాట్సాప్‌లో సంతకమేదీ అని అవతలి లాయరు తప్పకుండా లేవనెత్తుతాడు. ఆయన సొంత నంబరు నుంచి వచ్చింది కాబట్టి, ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం ఆధారంగా మనం వాదించుకోవచ్చు, కానీ గ్యారంటీ లేదు. అందుకే లాయరు నోటీసు అందాక ఆయన రాజీకొస్తే మాటతో సరిపెట్టుకోకుండా, ఫలానా మొత్తం ఇస్తానని సంతకంతో రాయించుకోండి. కాలదోషం పట్టిన బాకీని కూడా కాంట్రాక్టు చట్టం 25(3) కింద అలాంటి కాగితం బతికిస్తుంది.

గుర్తు సంగతి మర్చిపోండి. గుర్తు వేరు, లోగో వేరు. గుర్తు 1968 నాటి గుర్తుల ఉత్తర్వు కింద ఎన్నికల సంఘం కేటాయించేది. అది పార్టీ ఆస్తి కూడా కాదని సుప్రీంకోర్టు 2008లో జనతా పార్టీ కేసులో చెప్పింది. (ఓటింగ్ యంత్రం మీద మనం చూసే బొమ్మల్లో చాలా వరకు, ఆ సంఘంలోనే డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి 1992లో రిటైరైన ఎం.ఎస్. సేఠీ పెన్సిల్‌తో గీసినవి.) మీ లోగో డబ్బుల పంచాయితీ ఎన్నికల సంఘం తీర్చదు.

లోగో మీద కాపీరైటు మాత్రం బహుశా ఇంకా మీదే. మీరు వాళ్ల దగ్గర జీతానికి పనిచెయ్యలేదు, హక్కు బదిలీ చేస్తూ సంతకం పెట్టలేదు. రాతపూర్వకంగా లేని బదిలీ కాపీరైటు చట్టం 19వ సెక్షన్ ముందు నిలవదు. డబ్బిచ్చి గీయించుకున్న పెయింటింగు మాదేనంటూ వాళ్లు అదే చట్టం 17(బి) సెక్షన్‌ని పట్టుకొస్తారు, దానికి సిద్ధంగా ఉండండి. అయితే వాడుకోమని మీ చేత్తో మీరే ఇచ్చారు కనుక, రేపే జెండాలు దింపించెయ్యొచ్చనుకోకండి. 2015లో ఆమ్ ఆద్మీ పార్టీ లోగో తాను గీసిందేనన్న వాలంటీరు ఒకాయన వాడొద్దని పార్టీకి లేఖ రాశాడు. వార్త బాగానే వచ్చింది, పార్టీ నడుస్తూనే ఉంది. మీకు ఈ హక్కు బేరంలో బలానికి పనికొస్తుంది.

ఇక పాత తేదీ అగ్రిమెంటు. స్టాంపు వెండరు రిజిస్టరులో ఆ పేపరు నంబరు, కొన్న తేదీ, కొన్నవాడి పేరు ఉంటాయి. ఒక్క సమన్సుతో బయటపడుతుంది. అప్పుడు బాకీ వసూలుకి వెళ్లిన మీరు భారతీయ న్యాయ సంహిత 336, 340 సెక్షన్ల కింద ఫోర్జరీ కేసులో ముద్దాయిగా నిలబడతారు. ఉన్న మెసేజి కూడా అనుమానంలో పడుతుంది. ఆ ఫ్రెండుతో ఈ విషయం మళ్లీ మాట్లాడకండి.

రెండు లక్షల పనికి పది లైన్ల కాగితం రాసుకోకపోవడం మీ తప్పు. ఇప్పుడైనా కోరెల్‌డ్రా ఒరిజినల్ ఫైలు, పెన్సిల్ స్కెచ్‌లు, ఫోన్‌పే స్టేట్‌మెంటు ఒక కవరులో పెట్టండి. లాయరు నోటీసు పార్టీ పేరుతోపాటు, మీకు ఆర్డరిచ్చిన మనిషి పేరున కూడా వెళ్లాలి. పదిహేను రోజుల్లో స్పందించకపోతే బాకీకి మీ ఊరి సివిల్ కోర్టులో దావా వెయ్యండి. కాపీరైటుకి జిల్లా కోర్టు.

స్క్రీన్‌షాట్ ఉందని నిశ్చింతగా రాశారు. అది చాలదు. ఫోన్లోని మెసేజిని కోర్టులో సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్ ఉండాలి, దానికి అసలు ఫోను కావాలి, నిపుణుడి సంతకం కావాలి. ఆ పాత ఫోను మనవడికి ఆడుకోవడానికి ఇచ్చానన్నారు. ముందు అది తీసుకుని బీరువాలో పెట్టండి.