ఏ రూలో చెప్పు ముందు

బాబూ,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. ఒక సంగతి ఎక్కడో ఉండి నా కంటికి ఆనలేదేమోనని రెండోసారి వెతుక్కుంటూ చదివాను. లేదు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రపు వేటగాళ్ళు రాజధాని హారిస్‌బర్గ్‌లో మీటింగుకొస్తారు, అరుస్తారు, బల్లలు చరుస్తారు, "కొత్త రూల్స్ ఒప్పుకోం" అంటారు. ఆ కొత్త రూలేమిటో కథ మొత్తంలో ఒక్క వాక్యం లేదు. చివర్లో జింక కళ్ళలో నీళ్ళు మాత్రం ఉన్నాయి.

వెనక వరసలో నారింజ టోపీని మడుస్తూ విప్పుతూ కూర్చున్న ముసలాయన బాగున్నాడు. మిగతావాళ్ళంతా నీ చేత తిట్లు తినడానికే ఆ హాల్లోకి వచ్చినట్టున్నారు.

నేను ఆ రాష్ట్రంలో చాలా ఏళ్ళున్నాను. మా పక్కింటాయన వేటగాడు. నువ్వు రాసిన గొడవ 2019 నాటిదని మీటింగు వర్ణనని బట్టి పోల్చుకున్నాను. నీ పాఠకుడు ఎలా పోల్చుకుంటాడు? 1963 నుంచీ అక్కడ రైఫిల్‌తో జింకల వేట థ్యాంక్స్‌గివింగ్ పండగ తర్వాతి సోమవారం మొదలయ్యేది. ఆ సోమవారం చాలా ఊళ్ళలో స్కూళ్ళకు సెలవు. గురువారం ఇంట్లో పండగ భోజనం. శనివారం పొద్దున్నే సామాను బండికెత్తుకుని ఉత్తరాన పాటర్ కౌంటీ లాంటి చోట్ల అడవిలో ఉన్న క్యాంపుకి బయల్దేరేవాళ్ళు. క్యాంపంటే తాతలనాడు కొంతమంది కలిసి కట్టుకున్న చెక్క ఇల్లు. శనివారం పొయ్యి రాజేసి, ఎలకలు కొట్టిన పరుపులు దులిపి, ఆదివారం తుపాకి గురి సరిచూసుకుని, సాయంత్రం ఊళ్ళో వాలంటీర్ ఫైర్ కంపెనీ, అంటే జీతం లేకుండా మంటలార్పే దళం వాళ్ళు పెట్టే భోజనానికి వెళ్ళి, ఏడాదికోసారి కనపడే మనుషుల్ని పలకరించుకునేవాళ్ళు. వేట ఆ తర్వాత సంగతి.

2019లో గేమ్ కమిషన్, అంటే వేట రూల్స్ పెట్టే రాష్ట్ర సంస్థ, ఆ మొదటి రోజుని శనివారానికి మార్చింది. ఆ ఏడు నవంబర్ 30న సీజన్ మొదలైంది. కమిషన్ వాదనలో న్యాయం లేకపోలేదు. 1980ల మొదట్లో 10 లక్షలు దాటిన వేట లైసెన్సులు 9 లక్షల లోపుకి దిగాయి. ఉద్యోగాలు చేసేవాళ్ళూ, కాలేజీ పిల్లలూ సోమవారం రాలేరు, శనివారమైతే వస్తారు అన్నారు. కానీ క్యాంపు వాళ్ళకి పోయింది ఆ రెండు రోజులే. పండగ భోజనం అరిగేలోపే బండెక్కాలి. శుక్రవారం రాత్రికి చేరి, తెల్లారకుండానే అడవిలో ఉండాలి. పైగా ఆ ఏడాది రైఫిల్ సీజన్‌లో ఆదివారం వేట లేదు. మొదటి రోజు అడవిలో తిరిగి, రెండో రోజు ఖాళీగా కూర్చుని, సోమవారం పనిలోకి పోవాల్సినవాడు పోవడమే. మరుసటి ఏడు నుంచి ఒక ఆదివారం ఇచ్చారు. నీ కథలో సాఫ్ట్‌వేర్ కుర్రాడు "ఇంత చిన్నదానికా!" అని నవ్వుతాడే, ఆ చిన్నది ఏమిటో ముందు పాఠకుడి చేతికివ్వు. నవ్వాలో వద్దో ఆయన చూసుకుంటాడు.

నేను ఇన్నేళ్ళుగా పట్టుకు వేలాడుతున్న నమ్మకం ఇదే. కథలో ఎవరైనా గొంతెత్తి అరిస్తే, ఆ మనిషి చేతిలోంచి ఏం జారిపోతోందో రాసేవాడికి తేదీతో సహా, అంకెతో సహా తెలియాలి. తెలియకపోతే ఆ అరుపు రాయకూడదు.

సంపాదకులు ఇలాంటివి ఉంచరని నువ్వంటావు. నాకు తెలియదా? తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి 47 రోజులుండే చేపల వేట నిషేధాన్ని 61 రోజులకు, అంటే జూన్ 14 దాకా పెంచినప్పుడు ఉప్పాడ వెళ్ళి మత్స్యకారుల మధ్య ఉండి కథ రాశాను. పెరిగిన ఆ 14 రోజుల్లో బోటు ఓనరు దగ్గర ఎంత అప్పు తేవాలి, జూన్‌లో బడి ఫీజు ఎప్పుడు కట్టాలి, వల బాగుచేయించడానికి ఎంతవుతుంది, అన్నీ పెట్టాను. ఒక పెద్ద వారపత్రిక సంపాదకుడు అంకెలన్నీ కొట్టేసి, తల్లి ఏడ్చే సన్నివేశం రెండు పేరాలు పెంచమన్నాడు. నేను పెంచనంటే వాళ్ళే పెంచుకుని వేశారు. ఆ సంచిక పట్టుకుని ఉప్పాడ వెళ్తే ఒకాయన శ్రద్ధగా చదివి, "మా గొడవేదండీ ఇందులో?" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మంటే. నా సంపుటిలో అంకెలన్నీ తిరిగి పెట్టించాను. ప్రవాస ప్రత్యేక సంచికలు తెచ్చేవాళ్ళదీ ఇదే ధోరణి. మంచు, కాఫీ, అమ్మ ఫోను ఉంటే చాలు వాళ్ళకి. నువ్వు వాటిని దాటి ఆ మీటింగు హాల్లోకి వెళ్ళావు. వెళ్ళినవాడివి కళ్ళు మూసుకుని కూర్చుంటే ఎలా?

మా పక్కింటాయన సంగతి చెప్తాను. 2002లో వచ్చిన కొమ్ముల రూలు మీద ఆయన రగిలిపోయేవాడు. రాష్ట్రంలో చాలా చోట్ల ఒక పక్క కొమ్ముకి కనీసం మూడు మొనలున్న మగజింకనే కాల్చాలి, పడమటి వైపు అప్పట్లో నాలుగు. మొన అంగుళం పొడవుంటేనే లెక్క. ఒకసారి గ్యారేజీలో బల్ల మీద పాత కొమ్ము పెట్టి టేపు పట్టి చూపించాడు. మూడో మొన నా బొటనవేలి గోరంత. అంగుళానికి వెంట్రుకవాసి తక్కువ. వేట టైము సూర్యోదయానికి అరగంట ముందు మొదలవుతుంది. "ఆ మసక వెలుతురులో, పొదల్లో తల దించుకుని నడిచే జింకకి ఇది ఉందో లేదో చెప్పగలవా?" అని నన్నడిగాడు. రూలు తప్పని ఆయన అనలేదు. "నా అరవయ్యేళ్ళ కళ్ళని అడిగి రాయాల్సింది" అన్నాడు. ఆ టేపు తిరిగి చుట్టుకుంటూ ఉంటే ఆయన వేళ్ళు వణుకుతున్నాయి. నీ కథలో ఇలాంటి చెయ్యి ఒక్కటి లేదు.

అసలు బాధ ఇంకా వెనక ఉంది. 1900 నాటికి ఆ రాష్ట్రంలో జింకలు దాదాపు లేకుండా పోయాయి. మిషిగన్ లాంటి చోట్ల నుంచి తెచ్చి వదిలారు. 1907లో ఆడజింకని కాల్చకూడదని చట్టం చేశారు. తాత మనవడికి తుపాకీతో పాటు ఆ నీతినీ నేర్పాడు. జింకలు పెరిగాయి, మితిమీరాయి. అప్పుడు అదే కమిషన్ ఆడజింకల్ని కాల్చండి, లేకపోతే అడవి మిగలదు అంది. పుట్టినప్పటి నుంచి తప్పని విన్న పనిని ఇప్పుడు బాధ్యత అంటున్నారు. ఆ ముసలాయన టోపీ అలా నలపడానికి ఇంతకంటే పెద్ద కారణం కావాలా? ఇంకోటి. ఆ కమిషన్ రాష్ట్ర ఖజానా పన్నుల మీద నడవదు. లైసెన్సు రుసుములు, తుపాకులు తూటాల మీద 1937 చట్టం ప్రకారం వేసే కేంద్ర పన్నులో వాటా, తన భూముల్లో కలప, గ్యాస్ ఆదాయం, వీటి మీద నడుస్తుంది. మా డబ్బుతో బతుకుతూ మా మాట వినరా అని వాళ్ళ ఉక్రోషం.

అలాగని అధికారిని విలన్ చేసి మళ్ళీ రాయకు. అలెగెనీ అడవుల్లో శాస్త్రవేత్తలు కంచెలు వేసి చదరపు మైలుకి 10, 20, 40, 80 చొప్పున జింకల్ని ఉంచి ఏళ్ళ తరబడి చూశారు. జింకలు ఎక్కువైన చోట లేత మొక్కలన్నీ మేతకి పోయి నేలంతా ఫెర్న్ అనే ఆకుమొక్క అల్లుకుంది. గ్యారీ ఆల్ట్ అనే జీవశాస్త్రవేత్త ఇదంతా ఊరూరా తిరిగి వేటగాళ్ళకి చెప్పాడు. బెదిరింపులు వస్తే బుల్లెట్‌ప్రూఫ్ చొక్కా వేసుకుని మీటింగులకి వెళ్ళాడు. 2004 ఆఖర్లో ఉద్యోగం వదిలేశాడు. వాళ్ళ కోసం పనిచేసే మనిషి వాళ్ళ మధ్యకి ఆ చొక్కాతో వెళ్ళాల్సి వచ్చింది. నీ హాల్లో అధికారి నీళ్ళ గ్లాసు పక్కన పెట్టుకుని నవ్వుతూ కూర్చున్నాడు, అంతే.

ఇక జింక కన్నీళ్ళు. మనకి 1972 వన్యప్రాణి రక్షణ చట్టం తర్వాత వేటంటే కేసు, జైలు. కృష్ణజింక ఆంధ్రకి, చుక్కల జింక తెలంగాణకి రాష్ట్ర జంతువులు. మన పాఠకుడికి జింక అనగానే గుండె కరుగుతుంది, అది నీకు తెలుసు. కాబట్టే ఆ కన్నీళ్ళు వాడావు. అది నాకు నచ్చలేదు. తెలుగు పాఠకుడి దయని ముందే లాక్కుని, అవతలి మనిషికి మాట్లాడే అవకాశం లేకుండా చేశావు. ఆ చివరి పేరా తీసెయ్.

ప్రస్తుతానికి మీటింగు సీను ఒక్కటే తిరగరాయి. మొదటి పేజీలోనే శనివారం, సోమవారం రావాలి. ముసలాయన క్యాంపు ఏ కౌంటీలో ఉంది, అక్కడికి ఎన్ని గంటల ప్రయాణం, శుక్రవారం రాత్రి బండి ఎవరు నడుపుతారు, నీకు తెలిశాకే ఆయన చేత మాట్లాడించు. మీ ఆఫీసులోనో, కాలనీలోనో వేటకి పోయేవాళ్ళు తప్పక ఉంటారు. వెళ్ళి అడుగు, విసుక్కోరు. రాసింది ప్రింటు తీసి పోస్టులో పంపు, స్క్రీన్ మీద చదవడం నాకు కష్టంగా ఉంది.

ఆశీస్సులతో.